బియ్యం కార్డు అర్జీ: కౌంటరుకు నాలుగున్నర, కౌంటరు వెనకాల జరిగేదానికి రెండు

కర్నూలు కానీ, అనంతపురం కానీ, కడప కానీ, గ్రామ, వార్డు సచివాలయంలో బియ్యం కార్డుకు అర్జీ ఎక్కించడానికి పట్టేది పదిహేను నిమిషాలు. పల్లెలో డిజిటల్ అసిస్టెంటు, టౌన్లో డేటా ప్రాసెసింగ్ సెక్రటరీ ఆధార్ నంబర్లు కొట్టి, ఫారం స్కాన్ చేసి, ‘టి’ అక్షరంతో మొదలయ్యే నంబరున్న రసీదు చేతిలో పెడతారు. ఖర్చు పాతిక రూపాయల లోపే. ఇంతవరకూ చూస్తే ఐదుకు నాలుగున్నర ఇవ్వాల్సిన సేవ. చిక్కల్లా కార్డు వచ్చేదీ రానిదీ ఆ కౌంటరు దగ్గర తేలకపోవడమే. మీరు గడప తొక్కేనాటికే మీ ఇంటి గురించి కంప్యూటర్లో ఏం రాసిపెట్టి ఉందో దాన్ని బట్టి సగం తేలిపోయి ఉంటుంది. ఆ రాత ఏమిటో ముందే చూసుకుని వెళ్లినవాళ్ల పని నెలలో అవుతుంది. రసీదు జేబులో పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు పండగ తర్వాత పండగ లెక్కపెడుతూ ఉంటారు.

జనం నోట ఇంకా తెల్ల కార్డే. 2019 తర్వాత రాష్ట్రం బియ్యానికి, ఆరోగ్యశ్రీకి, పింఛనుకు కార్డులు విడగొట్టింది. అప్పటి నుంచి సచివాలయంలో దీని పేరు రైస్ కార్డు, నంబరు 28తో మొదలవుతుంది. దీని మీద వచ్చేది మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, 2023 జనవరి నుంచి ఉచితంగా. నలుగురున్న ఇంటికి 20 కిలోలు. అంత్యోదయ కార్డయితే ఇంట్లో ఎందరున్నా 35 కిలోలు, అయితే ఆ కార్డుల సంఖ్యకు పరిమితి ఉంది కాబట్టి కౌంటరులో అడగ్గానే దొరికేది కాదు. చక్కెర మామూలు కార్డుకు అరకిలో. కందిపప్పు వచ్చిన నెల వస్తుంది, రాని నెల రాదు. మన సీమ జిల్లాల్లో బియ్యం కొంత తగ్గించుకుని బదులుగా రాగులు తీసుకునే వీలు పెట్టారు. సంగటి తినే ఇళ్లకు అది మంచి బేరం, స్టాకు ఉన్న నెల. నిజం చెప్పాలంటే ఈ కార్డు కోసం తిరిగేవాళ్లలో స్టోరు బియ్యం వండుకోని ఇళ్లూ ఉన్నాయి. మిగతా పథకాలకు కార్డే ఆధారం కావడంతో బియ్యం తినకపోయినా కార్డు కావాలి.

అర్హత లెక్క ఇది. నెల ఆదాయం పల్లెలో 10,000, టౌన్లో 12,000 రూపాయల లోపు. భూమి 3 ఎకరాల లోపు మాగాణి, లేదా 10 ఎకరాల లోపు మెట్ట, లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు. కరెంటు ఆరు నెలల సగటు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు, అందులో టాక్సీ, ఆటో, ట్రాక్టరు లెక్కలోకి రావు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. టౌన్లో సొంత ఇల్లుంటే కట్టుబడి వెయ్యి చదరపు అడుగుల లోపు ఉండాలి. ఆదాయాన్ని పక్కనపెడితే మిగిలిన ఆరింటినీ కలిపి సచివాలయం సిబ్బంది ‘సిక్స్ స్టెప్’ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కౌంటరు దగ్గర మీరు మొదట వాడాల్సిన మాట ఇదే.

ఎందుకంటే ఈ ఆరూ మీరిచ్చే కాగితాలను బట్టి చూడరు. ఆధార్ నంబరు కొట్టగానే రెవెన్యూ, కరెంటు, రవాణా, పన్ను, మున్సిపాలిటీ, జీతాల రికార్డులు వాటంతటవే వచ్చి పడతాయి. పైగా చూసేది మీ ఒక్కరి ఆధార్ కాదు, హౌస్‌హోల్డ్ మ్యాపింగులో మీ ఇంటి కింద ఎవరెవరున్నారో అందరిదీ. మ్యాపింగ్ అంటే ఇంటింటి లెక్క. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ సచివాలయం కిందికి వస్తారు అన్న జాబితా. 2019లో వలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నదే దీనికి పునాది. అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు ఇప్పుడు లేరు, అప్పుడు లేనివాళ్లు ఇప్పుడున్నారు. పెళ్లయి వేరు కాపురం పెట్టి నాలుగేళ్లయిన తమ్ముడు మ్యాపింగులో ఇంకా మీ ఇంట్లోనే ఉండి, ఈ మధ్యలో కారు కొన్నాడనుకోండి, ఆ కారు మీ ఇంటి గుమ్మం ముందు నిలబడినట్టే లెక్క.

కాబట్టి అర్జీ ఫారం అడిగే ముందు, ‘మా ఇంటి మ్యాపింగు ఒకసారి తెరవండి, సిక్స్ స్టెప్‌లో ఏమైనా ఎర్రగా పడుతోందేమో చూడండి’ అని అడగాలి. ఆధార్ నంబరు కొడితే ఐదు నిమిషాల్లో కనబడేదే. అడిగితే చూపిస్తారు, అడక్కపోతే చాలాచోట్ల చూపించరు. ఈ సేవలో పెద్ద లోపం ఇదే. అర్జీ తీసుకున్నాక మూడు వారాలకు ‘అనర్హులు’ అని చెప్పే బదులు, తీసుకునే ముందే ఆ తెర ఇటు తిప్పి చూపిస్తే సగం మంది తిరుగుడు తప్పుతుంది.

ఇక ఏ సేవ కింద అర్జీ పెట్టాలి అన్నది. 2025 మే నుంచి అర్జీలు మళ్లీ తీసుకోవడం మొదలైంది. కొత్త కార్డు, పేరు ఎక్కించడం, పేరు తీయించడం, కార్డు విడగొట్టడం, చిరునామా మార్పు, తప్పుగా ఎక్కిన ఆధార్ సరిచేయడం, కార్డు వెనక్కి ఇచ్చేయడం అని ఏడు రకాలు. జనం ఎక్కువగా పొరబడేది మొదటి దాని దగ్గరే. వేరు కాపురం పెట్టాం కాబట్టి కొత్త కార్డు అనుకుంటారు. కానీ కొత్త కార్డన్నది ఏ కార్డులోనూ పేరు లేనివాళ్లకే. అమ్మానాన్నల కార్డులో పేరుంటే అది విడగొట్టే కేసు. విడగొట్టాలంటే భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డులో ఉండాలి. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే ముందు ఆమెను అత్తింటి కార్డులోకి ఎక్కించాలి, అది పూర్తయ్యాక విడగొట్టడానికి ఇంకో అర్జీ పెట్టాలి. ఒక్కో అర్జీకి గడువు 21 రోజులు. అంటే అన్నీ సజావుగా సాగినా నెలన్నర. పైగా ఒక కార్డు మీద ఒక అర్జీ నడుస్తుండగా రెండోది ఎక్కదు. మరిది పాప పేరు ఎక్కించమని పెట్టిన అర్జీ ఎక్కడో ఆగిపోయి ఉంటే, మీ విడగొట్టే అర్జీని సిస్టమ్ తీసుకోదు. ఇది ఇంట్లో వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవాల్సిన సంగతి, సచివాలయంతో గొడవపడి లాభం లేదు.

కోడలి పేరు ఎక్కించడానికి పెళ్లి సర్టిఫికెట్టు, శుభలేఖ, ఫొటో కావాలని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అక్కర్లేదని 2025లో పౌర సరఫరాల మంత్రి స్వయంగా స్పష్టం చేశారు. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే సరిపోతుంది. బిడ్డ పేరుకు పుట్టిన సర్టిఫికెట్టు, బిడ్డ ఆధార్ ఉండాలి. పేరు తీయించడం ముఖ్యంగా చనిపోయినవాళ్లకే, మరణ ధ్రువపత్రంతో. అన్నదమ్ముల మీద కోపం వచ్చి పేరు తీసేయమంటే తీయరు. ఒంటరిగా ఉన్నవాళ్లకు కార్డు ఇవ్వరన్న మాట కూడా పూర్తి నిజం కాదు. భర్త నుంచి విడిపోయినవాళ్లు, 50 దాటినా పెళ్లికాని వాళ్లు, ఆశ్రమాల్లో ఉండేవాళ్లు ఒంటి కార్డుకు అర్హులే.

సరిహద్దు సంబంధాలున్న ఇళ్లకు ఇంకో మెలిక. కర్నూలు వాళ్లకు అలంపూరు, గద్వాల సంబంధాలు మామూలే. గుంతకల్లు వాళ్లకు బళ్లారి, కళ్యాణదుర్గం వాళ్లకు పావగడ. అమ్మాయి పేరు తెలంగాణ ఆహార భద్రత కార్డులోనో, కర్ణాటక కార్డులోనో ఉంటే ఇక్కడ ఎక్కదు. ఆధార్ దేశమంతా ఒకటే కాబట్టి దొరికిపోతుంది. ముందు అక్కడ పేరు తీయించుకుని, తీసేసినట్టు కాగితం తెచ్చుకోవాలి. తెలంగాణలో అది మీసేవ ద్వారా. తర్వాత ఆధార్‌లో చిరునామా అత్తింటికి మార్పించాలి, ఆ మారిన ఆధార్‌తో మ్యాపింగులోకి ఎక్కించాలి, ఆ తర్వాతే కార్డు అర్జీ. ఈ వరస తప్పితే ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి పంపుతారు. పెళ్లయిన నెలలోనే ఆధార్ చిరునామా మార్పించడం మొదలుపెడితే మంచిది, అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేది అదే.

కౌంటరుకు తీసుకెళ్లాల్సినవి పెద్ద మూటేమీ కాదు. ఇంట్లో అందరి ఆధార్ ఒరిజినళ్లు, జెరాక్సులు, ఆధార్‌కు లింకయిన ఫోను, ఉన్నవాళ్లు పాత కార్డు, అవసరాన్ని బట్టి పుట్టిన లేదా మరణ ధ్రువపత్రం. కరెంటు బిల్లు ఒకటి వెంట ఉంటే మంచిది, దాని పని ఏమిటో కింద వస్తుంది. ఫారం నింపడానికి బయట ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు, ఒక పేజీ వ్యవహారం. వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ నంబరు 95523 00009 ద్వారా కూడా అర్జీ పెట్టొచ్చు. చదువుకున్న పిల్లలున్న ఇంటికి అది బాగానే పనిచేస్తుంది, కానీ మ్యాపింగులో తప్పుంటే అక్కడా అదే గోడ తగులుతుంది. మనిషి ముందు కూర్చుని తెర చూపించమని అడిగే వీలు మాత్రం వాట్సాప్‌లో ఉండదు.

వెళ్లే రోజు కూడా చూసుకోవాలి. 2024 జూలై నుంచి పింఛన్లు ఇంటింటికీ ఇచ్చేది సచివాలయం ఉద్యోగులే. ఒకటో తేదీన, ఆ ముందు వెనక రోజుల్లో కుర్చీలుంటాయి, మనుషులుండరు. ఐదో తేదీ తర్వాత, ఉదయం పదిన్నర పదకొండు మధ్య వెళితే సర్వరూ మనిషీ ఇద్దరూ దొరికే అవకాశం ఎక్కువ.

రసీదు చేతికొచ్చే ముందు తెర మీద రెండు చూడాలి. ఒకటి, సంబంధం గడి. కుటుంబ పెద్దకు ఎవరు ఏమవుతారో అక్కడ ఎంచుకుంటారు. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇంట్లో 18 దాటిన పెద్ద ఆడమనిషే కార్డుకు పెద్ద. అత్తగారు పెద్దగా ఉన్న కార్డులో కోడలిని ‘కూతురు’ అని పడేస్తే ఇవాళ ఏమీ కాదు, బియ్యం వస్తూనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత కార్డు విడగొట్టబోయినప్పుడు ఆమె, ఆమె మొగుడు అక్కాతమ్ముళ్లుగా కనబడతారు. అప్పుడు నవ్వు రాదు. రెండు, తెలుగులో పేరు. ఇంగ్లిష్ ఆధార్ నుంచి మిషన్ తిప్పి రాసే తెలుగు అది. ‘బాషా’ ‘బాష’ అవుతాడు, ‘నాగరత్నమ్మ’కు ఒక ‘మ’ వత్తు తగ్గుతుంది. కడప, కర్నూలు వైపు షేక్, సయ్యద్ ఇంటి పేర్లు ఆధార్‌లో ఒకరికి ముందూ ఒకరికి వెనకా ఉంటాయి. 2025 ఆగస్టు నుంచి ఇచ్చిన స్మార్ట్ కార్డుల్లో, అంటే ఏటీఎం కార్డు సైజులో క్యూఆర్ కోడ్‌తో వచ్చిన వాటిలో, ఇలాంటి అచ్చుతప్పుల గోలే ఎక్కువ. ఆధార్‌లోనే తప్పుంటే ముందు ఆధార్ కేంద్రం, తర్వాతే సచివాలయం.

అర్జీ ఎక్కాక మొదటి మెట్టు ఈ-కేవైసీ. సచివాలయం ఉద్యోగి ఫోనూ వేలిముద్రల పరికరమూ పట్టుకుని వచ్చి, అర్జీలో ఉన్న అందరి వేలిముద్రలూ తీసుకోవాలి. వచ్చి తీసుకోవాలని రూలు, అయితే మీరే కుటుంబంతో సచివాలయానికి వెళితే పని ముందు జరుగుతుంది. ఇక్కడ ఒక్కరి వేలిముద్ర మిగిలినా ఫైలు వీఆర్వో దగ్గరకు కదలదు. నలుగురిలో ముగ్గురు ఇచ్చారు కదా అన్న వాదన సిస్టమ్ దగ్గర చెల్లదు.

మన దగ్గర అర్జీలు ఎక్కువగా చచ్చేది ఈ మెట్టు మీదే, కారణం సుగ్గి, అంటే కోతల కాలపు వలస. ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం పల్లెల్లో దీపావళి దాటాక ఊళ్లకు ఊళ్లు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు పోతాయి. అనంతపురం పల్లెల్లో మగవాళ్లు బెంగళూరు సెంట్రింగు పనుల్లో ఉంటారు. జనవరిలో అర్జీ పెడితే వేలిముద్రకు మనిషి దొరకడు, గడువు దాటిపోతుంది, మళ్లీ మొదటికి. ఉగాదికి ఇల్లు చేరాక, లేదా ముంగారు వానలకు అందరూ ఊళ్లో ఉండే జూన్, జూలైలో పెట్టుకోవాలి. అర్జీ తేదీ కంటే ఇంట్లో అందరూ ఒకచోట ఉండే వారం ఏదో ముందు తేల్చుకోండి. ఇక కూలి పని చేసే చేతుల సంగతి వేరే చెప్పాలా. వేరుశనగ చెట్టు పీకే చేతికి, నాపరాయి మోసే చేతికి గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలిముద్ర మూడుసార్లు పడకపోతే కంటిపాపతోనో, ముఖంతోనో తీయమని అడగండి. అది కూడా కాకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్లి బయోమెట్రిక్ కొత్తగా ఇప్పించుకోవాలి. ముందు రోజు రాత్రి చేతులకు కొబ్బరి నూనె రాసుకుని, ఉదయం సబ్బుతో కడుక్కుని వెళ్లమని డీలర్లు చెప్పే చిట్కా పనిచేసిన సందర్భాలు ఎక్కువే. పిల్లలకు ఐదేళ్లప్పుడు, పదిహేనేళ్లప్పుడు ఆధార్‌లో వేలిముద్రలు ఎక్కించడం తప్పనిసరి. ఎక్కించకపోతే ఆరేళ్ల పిల్లవాడి దగ్గర ఇంటిల్లిపాది అర్జీ ఆగిపోతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ-కేవైసీ అక్కర్లేదు.

ఈ-కేవైసీ తర్వాత సిక్స్ స్టెప్ మళ్లీ ఒకసారి, ఆపైన వీఆర్వో సిఫారసు, చివరికి తాసిల్దార్ లాగిన్‌లో ఆమోదం. వీఆర్వో దగ్గర ఆగితే గ్రామంలో అడగొచ్చు. తాసిల్దార్ లాగిన్‌లో ఆగితే మండల ఆఫీసులో పౌర సరఫరాల డిప్యూటీ తాసిల్దారును అడగాలి. ఎక్కడ ఆగిందో చెప్పేది ఆ ‘టి’ నంబరే. ‘పెండింగు’ అంటే ఊరుకోకుండా ‘ఎవరి లాగిన్‌లో’ అని రెండో ప్రశ్న వేయాలి. ఆ ఒక్క మాటకు జవాబు వస్తే తిరగాల్సిన ఆఫీసు ఏదో తెలుస్తుంది.

సిక్స్ స్టెప్‌లో పడితే ఏది పడిందో దాన్ని బట్టి మందు వేరు. ఎక్కువగా పడేది కరెంటు. అద్దెకిచ్చిన మూడు పోర్షన్ల మీటర్లు ఇంటాయన ఆధార్‌కే తగిలించి ఉంటాయి, నలుగురి ఫ్యాన్లూ ఆయన లెక్కలో తిరుగుతుంటాయి. లేదా ఎప్పుడో సర్వే రోజుల్లో ఎవరి మీటరుకో మీ ఆధార్ తగిలించేసి ఉంటారు. బిల్లు మీద సర్వీసు నంబరు చూసి, మీ ఆధార్ మీద కనబడుతున్న సర్వీసు నంబరుతో పోల్చండి. వేరే ఉంటే సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటు ద్వారా కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు అర్జీ ఇచ్చి ఆ లింకు తీయించాలి. కరెంటు బిల్లు వెంట తీసుకెళ్లమన్నది ఇందుకే. బిల్లు నిజంగానే 300 దాటుతుంటే, ఎండాకాలం సగటు మోసం చేస్తుందని గుర్తుంచుకోండి. కర్నూలు ఎండకు ఏప్రిల్, మే, జూన్ కూలర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఆ మూడు నెలలు పూర్తిగా లెక్కలో ఉన్న ఆరు నెలల సగటుకూ, చలికాలం ముగిసేనాటి సగటుకూ తేడా ఉంటుంది.

భూమి కేసులు దీనికంటే మొండివి. భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బీ, అంటే ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చెప్పే నకలు, తీసి చూస్తే మీ ఆధార్ కింద వేరే ఎవరి ఖాతానో కనబడొచ్చు. అది రెవెన్యూ తప్పు, తాసిల్దార్ ఆఫీసులోనే తీయాలి. సమస్య ఎక్కువగా మాగాణి, మెట్ట అన్న రెండు మాటల దగ్గర వస్తుంది. కర్నూలు-కడప (కేసీ) కెనాలు కింద నాలుగెకరాలున్న వాళ్లకు కార్డు రాదంటే అర్థం చేసుకోవచ్చు, నిజంగానే వరి పండే నేల. అనంతపురం వైపు చెరువు ఆయకట్టు నాలుగెకరాల సంగతి వేరు. చెరువు నిండి పదేళ్లయినా రికార్డులో ఆయకట్టు ఆయకట్టే, తడి తడే. పక్కనే పదెకరాల లోపు మెట్టలో శనగ వేసుకునే రైతుకు కార్డుంటుంది, ఎండిన చెరువు కింద కంది వేసుకునేవాడికి ఉండదు. ఏ నేలలో ఏ పంట వేశారో రాసి ఉండే అడంగల్ నకలు పట్టుకుని తాసిల్దార్ దగ్గర అడగడం ఒక్కటే దారి, త్వరగా తేలే పని కాదు. ఈ నియమానికి మాత్రం ఐదుకు ఒకటి ఇచ్చినా ఎక్కువే.

కారు కేసు తేలిక, కానీ తప్పు మనదే. అమ్మేసి డబ్బు తీసుకుని తాళం ఇచ్చేశాం, పేరు మార్పించలేదు. 29, 30 ఫారాలు ఇచ్చి ఆర్సీ కొన్నాయన పేరు మీదికి మారేదాకా అది మీ బండే. టాక్సీగా నడిపే బండిని సొంత బండిగా రిజిస్టరు చేయించి ఉంటే మినహాయింపు రాదు, పసుపు ప్లేటే లెక్క. ఆదాయపు పన్ను విషయంలో, బైకు లోనుకో ఇంటి లోనుకో రిటర్ను వేసినవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. పన్ను సున్నా అని ఉన్న రిటర్ను కాపీలు ఆడిటరు సంతకంతో జతచేసి అభ్యంతరం పెట్టాలి. ఉద్యోగం కేసులో జీతం ఆగిపోయిన కాగితమో, సంస్థ ఇచ్చిన రిలీవింగ్ ఉత్తర్వో చూపించాలి. టౌన్లో ఇంటి కొలత తప్పు పడితే మున్సిపాలిటీ పన్ను రసీదు చూడండి, కడప, కర్నూలు పాత వీధుల్లో అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లు ఇంకా ఒకే అసెస్‌మెంటు మీద నడుస్తుంటాయి.

ఇవన్నీ సరిచేశాక డేటా వెంటనే మారదు. ఆయా శాఖలో మారింది ఇక్కడి తెర మీద కనబడటానికి టైము పడుతుంది. మార్పు కనబడ్డాకే కొత్త అర్జీ పెట్టాలి. తొందరపడి పెడితే పాత లెక్కతోనే మళ్లీ కొట్టేస్తుంది, ఇంకో మూడు వారాలు పోతాయి.

గడువు దాటినా కదలకపోతే 1967కు ఫోను చేయొచ్చు, అది పౌర సరఫరాలదే. లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు. కాగితం మీద పెట్టాలనుకుంటే సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడికి ఉత్తి చేతులతో వెళ్లి ‘కార్డు రాలేదు సార్’ అంటే అర్జీ తిరిగి తిరిగి అదే సచివాలయానికి వస్తుంది. ‘టి’ నంబరు, ఏ తేదీ నుంచి ఎవరి లాగిన్‌లో ఉంది, ఏ స్టెప్‌లో పడింది, దానికి మీ దగ్గరున్న కాగితం ఏమిటి, ఈ నాలుగూ ఒక అరపేజీలో రాసి జెరాక్సులు జతచేస్తే ఆ కాగితానికి విలువ ఉంటుంది. ఫిర్యాదుల పద్ధతికి మూడు మార్కులు. వినడం వింటారు, కానీ జవాబు మెసేజీలో ‘పరిష్కరించబడినది’ అని వచ్చి పని జరగని సందర్భాలకు మళ్లీ తెరవమని అడిగే ఓపిక మనకుండాలి.

ఆమోదం వచ్చిన మర్నాడే స్టోరుకు సంచి పట్టుకుని పోనక్కర్లేదు. నెలవారీ కోటా లెక్క కట్టాక చేరిన కార్డుకు బియ్యం పై నెల నుంచే. స్టోరు నెలలో 1 నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. ఇంటింటికీ తిరిగిన బండ్లు 2025 జూన్ నుంచి లేవు, 65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు మాత్రం డీలరే ఇంటికి చేర్చాలి. కార్డు ఏ స్టోరుకు పడిందో అదే అక్కర్లేదు, రాష్ట్రంలో ఎక్కడైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. సుగ్గికి పోయినవాళ్లు గుంటూరు పల్లెలో తీసుకోవచ్చు, కాకపోతే స్టాకు ఉండే మొదటి వారంలో వెళ్లాలి. బెంగళూరులో తీసుకోవాలంటే కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చే కార్డులు మన ఎల్లలు దాటితే పనిచేయవు, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి మీది ఏదో సచివాలయంలోనే అడిగి తెలుసుకోండి. ఆరు నెలలు వరసగా తీసుకోని కార్డును నిలిపివేసేలా 2025లో కేంద్రం ఉత్తర్వు సవరించింది. ఊళ్లో లేకపోయినా ఎక్కడో ఒకచోట వేలిముద్ర వేసి బియ్యం తీసుకుంటూ ఉండటం మంచిది.

మొదటి నెల స్టోరులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నంబరు కొట్టే పని తప్పుతుంది, వేలిముద్ర తప్పదు. ఖాళీ సంచి తక్కెడ మీద పెట్టి సున్నా చూపించమనండి, తర్వాతే బియ్యం పోయించుకోండి. మిషన్ నుంచి వచ్చే చీటీ అడిగి తీసుకుని, అందులో మనుషుల లెక్క చూడండి. కొత్తగా ఎక్కించిన కోడలో, పసిబిడ్డో ఆ చీటీలో ఉంటే ఇరవై కిలోలు ఉన్న చోట ఇరవై ఐదు కనబడుతుంది. కనబడకపోతే ఆ చీటీ పారేయకుండా రసీదుతో కలిపి పెట్టుకుని, ఐదో తేదీ దాటాక సచివాలయానికి వెళ్లండి.